చేతి లేసుకు బిరుసు: గంజి, బంక, చక్కెర పాకం

లేసులో దారం తక్కువ, ఖాళీ ఎక్కువ. నేసిన బట్టలో పడుగు, పేక ఒకదాన్నొకటి పట్టుకుని ఆకారాన్ని నిలబెడతాయి. లేసుకు ఆ ఆసరా లేదు. ముడికీ ముడికీ మధ్య దారం దేన్నీ ఆనుకోకుండా ఉంటుంది. అందుకే ఎంత చేయి తిరిగినవారు అల్లినా, ఒక్కసారి ఉతికేసరికి అంచులు ముడుచుకుంటాయి, రేకుల మీద రేకులు పడతాయి, నెలల పనితనం కంటికి ఆనకుండా పోతుంది. ఖాళీలను మూసెయ్యకుండా, దారానికి మాత్రమే బలమిచ్చి, అల్లికను విప్పారినట్టు నిలబెట్టే పనినే లేసుకు బిరుసెక్కించడం అంటారు. తెలుగు ఇళ్లలో మాత్రం అన్నిటికీ ఒకటే మాట: గంజి పెట్టడం.

నిజానికి గంజి ఒక్కటే దీనికి సాధనం కాదు. గోధుమ, బియ్యం, మొక్కజొన్న, బంగాళదుంప, కర్రపెండలం వంటి వాటి నుంచి తీసిన పిండి, తుమ్మ బంక, చక్కెర పాకం, జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చే జెలటిన్, కొన్నిచోట్ల వెన్న తీసిన పాలు కూడా ఈ పనికి వాడారు. వీటిలో ఎక్కువ వాటికి మూడు ఉమ్మడి గుణాలున్నాయి. నీటితో కలిసి దారంలోకి వెళతాయి, నీరు ఆరిపోయాక దారంలోనే ఉండిపోతాయి, మళ్లీ నీటిలో నానబెడితే వదిలిపోతాయి. ఈ మూడో గుణమే అన్నిటికన్నా విలువైనది. చేతి లేసు తరాలు నిలిచే వస్తువు. దానికి ఎక్కించిన ఏ పదార్థాన్నయినా తర్వాతి తరం తీసెయ్యగలగాలి.

దారంలో జరిగేదేమిటి

పిండి పదార్థం మొక్కల గింజల్లో, దుంపల్లో కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా ఉంటుంది. చల్లటి నీటిలో ఈ రేణువులు కరగవు. కలిపితే నీళ్లు తెల్లగా మారతాయి, కాసేపటికి పిండి అడుగుకు దిగిపోతుంది. వేడి ఒక స్థాయి దాటితే మాత్రం రేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బి, పగిలి, లోపలి పొడవాటి అణువులను బయటికి వదులుతాయి. గోధుమ, బంగాళదుంప పిండ్లలో ఇది సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. బియ్యపు పిండికి సాధారణంగా 70 డిగ్రీల వరకు వేడి కావాలి. తెల్లటి నీళ్లు చిక్కబడి, నిగారింపు వచ్చి, కాస్త అవతలి వైపు కనిపించేలా మారితే గంజి కాగినట్టు లెక్క. ఆ దశకు రాకముందే దించేస్తే దారం మీద మిగిలేది పచ్చి పిండే. ఆరాక అది పొడిగా రాలిపోతుంది.

పిండిలో రెండు రకాల అణువులుంటాయి. ఒకటి సాగిన గొలుసు వంటి అమైలోజ్, రెండోది కొమ్మలుగా చీలిన అమైలోపెక్టిన్. ఆరినప్పుడు గట్టి పొర కట్టే పని ముఖ్యంగా అమైలోజ్‌ది. పొడిపొడిగా ఉడికే బియ్యంలో అమైలోజ్ ఎక్కువ కనుక ఆ గంజి బట్టను బిరుసుగా నిలబెడుతుంది. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపుగా ఉండదు. ఆ గంజి చేతికి బాగా అంటుకుంటుంది కానీ బట్ట మెత్తగానే ఉంటుంది. అంటే జిగటగా ఉన్న ప్రతి గంజీ బిరుసునిస్తుందని అనుకోవడానికి లేదు.

నూలు, నార దారాల్లో ఉండేది సెల్యులోజ్. పిండి కూడా సెల్యులోజ్ లాగే గ్లూకోజ్ ముక్కలతో కట్టిన పదార్థం. రెండూ తడిలో దగ్గరై ఆరేటప్పుడు వాటి మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. ఒక దారంలోని వందల పీచులు విడివిడిగా కదలకుండా ఒక్క కమ్మీలా పనిచేయడం మొదలుపెడతాయి. నీరు ఈ బంధాలను విడదీస్తుంది. వానాకాలంలో గంజి చీర మధ్యాహ్నానికల్లా వాలిపోవడానికీ, ఉతికితే గంజి వదిలిపోవడానికీ కారణం ఇదే.

మెడపట్టీల కాలం

పిండి తీయడం లేసు కన్నా చాలా పాత విద్య. రోమన్ రచయిత ప్లినీ క్రీస్తు శకం మొదటి శతాబ్దిలోనే గోధుమ పిండి తయారీని వర్ణించాడు. ఈ పద్ధతి కియోస్ ద్వీపంలో పుట్టిందని చెప్పాడు. గోధుమలను తిరగలిలో వేయకుండా నీటిలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ మెత్తబరిచి, పిసికి వడకట్టి, అడుగున పేరిన తెల్లటి పిండిని ఎండబెట్టేవారు. తర్వాతి శతాబ్దాల్లో యూరప్‌లో గోధుమలను పులియబెట్టి పిండి తీసే పద్ధతి నిలదొక్కుకుంది. పులుపుకు గోధుమలోని బంక లాంటి గ్లూటెన్ విరిగిపోయి, పిండి సులువుగా విడిపోతుంది. ఆ తయారీ కేంద్రాల చుట్టూ వాసన భరించలేనట్టు ఉండేది.

15వ శతాబ్ది చివర, 16వ శతాబ్దిలో వెనిస్, ఫ్లాండర్స్ ప్రాంతాల్లో లేసు అల్లిక వికసించింది. 1587లో ఫెడెరికో విన్‌చోలో పారిస్‌లో ప్రచురించిన నమూనాల పుస్తకం చూస్తే ఆ కళ అప్పటికే ఎంత ముదిరిందో తెలుస్తుంది. అదే కాలంలో మెడ చుట్టూ మడతలు మడతలుగా నిలిచే పట్టీలు, ఇంగ్లండులో రఫ్ అని పిలిచేవి, సంపన్నుల వేషంలో ముఖ్యభాగమయ్యాయి. పలుచని నార బట్ట, దాని అంచున లేసు, ఈ రెంటినీ తలచుట్టూ పళ్లెంలా నిలబెట్టాలి. గంజి లేనిదే ఆ ఫ్యాషన్ అసలు సాధ్యం కాదు.

1564లో ఫ్లాండర్స్ నుంచి డింఘెన్ వాన్ డెర్ ప్లాస్ అనే స్త్రీ లండన్ చేరి గంజి పెట్టే విద్యను వృత్తిగా చేసుకుంది. ఆమె దగ్గర ఈ పని నేర్చుకోవడానికి నాలుగైదు పౌండ్లు, గంజి కాచే విధానం నేర్చుకోవడానికి విడిగా 20 షిల్లింగులు ఇచ్చేవారని ఆనాటి చరిత్రకారులు రాశారు. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. ఎలిజబెత్ రాణి మెడపట్టీలకు మొదట గంజి పెట్టింది రాణిగారి డచ్ బండి సారథి భార్య అని కూడా వారే చెప్పారు. యుద్ధాలూ మతకలహాలూ తరిమితే ఊరు వదిలి వచ్చినవారు తమ చేతిలోని పనితో కొత్త దేశంలో బతికారనడానికి గంజి చరిత్ర ఒక మంచి సాక్ష్యం.

ఈ వైభవం అందరికీ నచ్చలేదు. 1583లో ఫిలిప్ స్టబ్స్ అనే రచయిత గంజిని సైతాను సొత్తుగా నిందించాడు. తినాల్సిన గోధుమ మెడపట్టీలకు పోవడం మీద అభ్యంతరాలు కూడా గట్టిగానే వచ్చాయి. కరువు ఏళ్లలో గోధుమ పిండితో గంజి తయారీని కట్టడి చేశారు. గోధుమకు బదులు వెతికినవారికి అడవిలో మొలిచే ఆరమ్ అనే దుంప దొరికింది. జాన్ జెరార్డ్ 1597 నాటి తన మూలికల గ్రంథంలో అన్నిటికన్నా తెల్లని గంజి ఈ దుంప నుంచి వస్తుందని మెచ్చుకుంటూనే, అది గంజి పెట్టే ఆడవాళ్ల చేతులను పగులగొట్టి బొబ్బలెక్కిస్తుందని నమోదు చేశాడు. లేసు చరిత్ర రాసేవారు ధరించినవారి చిత్రపటాలను చూపిస్తారు. ఆ చిత్రాల్లో కనిపించని చేతుల గురించి జెరార్డ్ రాసిన ఈ ఒక్క విషయం అంతకన్నా ఎక్కువ చెబుతుంది.

గంజికి రంగులు కూడా వేసేవారు. కొందరు నీలం కలిపేవారు. కుంకుమపువ్వుతో పసుపు రంగు తెచ్చిన గంజి లండన్‌లో కొంతకాలం మోజుగా నడిచింది. ఆ మోజు ఆన్ టర్నర్ అనే స్త్రీ పేరుతో ముడిపడింది. ఓవర్‌బరీ అనే వ్యక్తి హత్య కేసులో ఆమెను 1615లో ఉరితీశారు. పెద్ద మెడపట్టీలు 17వ శతాబ్దిలో క్రమంగా పోయాయి. అలాంటిది ఒకటి చెక్కుచెదరకుండా ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో నేటికీ ఉంది.

ఏ పిండి దేనికి

పిండి పదార్థాలన్నీ ఒకేలా పనిచేయవు. తేడా ఎక్కువగా రేణువు పరిమాణంలో ఉంది. బియ్యపు పిండి రేణువులు చాలా చిన్నవి, మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కొన్ని రెట్లు మాత్రమే. బంగాళదుంప రేణువులు వాటికి పదింతలు కూడా ఉంటాయి. సన్న దారపు లేసుకు బియ్యపు గంజి మేలన్న పేరు రావడానికి కారణం ఇదే. అది పీచుల మధ్యలోకి దూరుతుంది, పైన పొరగా పేరుకోదు. ఇంగ్లండులో ఓర్లాండో జోన్స్ 1840లో క్షారంతో బియ్యపు పిండి తీసే పద్ధతికి పేటెంటు పొందాక, సన్నని బట్టలకు గోధుమ గంజి స్థానంలో బియ్యపు గంజి వాడకం పెరిగింది. అమెరికాలో 1842లో థామస్ కింగ్స్‌ఫర్డ్ మొక్కజొన్న పిండిని వేరుచేయడంతో అక్కడి ఇళ్లలో మొక్కజొన్న గంజి స్థిరపడింది. అది చవక, కానీ మెరుపు తక్కువ. బంగాళదుంప గంజి ఆరాక స్పష్టంగా, కాస్త వంగేలా ఉంటుంది. లావు దారపు క్రోషే లేసుకు బాగుంటుంది.

కర్రపెండలం గంజి తెలుగువారికి సగ్గుబియ్యం రూపంలో దగ్గరి పదార్థమే. తూర్పు కోస్తాలో పెద్దాపురం, సామర్లకోట పరిసరాలు సగ్గుబియ్యం తయారీకి పేరుపొందినవి. దీని గంజి త్వరగా కాగుతుంది, తేటగా ఉంటుంది, వాసన ఉండదు. రంగు లేసుల మీద తెల్ల చారలు పడకుండా ఉండాలంటే బియ్యపు గంజి కన్నా సగ్గుబియ్యం గంజి నయం.

చింతగింజల పిండిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఇందులోని జిగురు పిండిపదార్థం కాదు, జైలోగ్లూకాన్ అనే వేరే పదార్థం. నూలు, జనపనార మిల్లుల్లో దారానికి పట్టించడానికి దీన్ని విరివిగా వాడారు. కొండపల్లి బొమ్మల్లో రంపపు పొట్టుతో కలిపి మక్కు అనే ముద్ద చేసేది కూడా దీనితోనే. పట్టు గట్టిది. రంగు మాత్రం లేత గోధుమ వన్నె కావడం వల్ల తెల్ల లేసుకు పనికిరాదు. ముడి నార రంగు లేసుకు, గోధుమ రంగు దారాలకు చక్కగా సరిపోతుంది.

ఇంట్లో అన్నం వార్చిన గంజితో లేసు నిలబెట్టవచ్చా అంటే, వడకట్టే ఓపిక ఉంటే తప్పకుండా నిలబెట్టవచ్చు. వార్చిన గంజిలో మెతుకు నలకలుంటాయి. చీరకైతే అవి దులిపితే రాలిపోతాయి. లేసు కంతల్లో ఇరుక్కుని ఎండితే సూదితో ఒక్కొక్కటి తీయాలి. పలుచని మల్లుగుడ్డలో రెండుసార్లు వడకట్టి, నీళ్లు కలిపి, గోరువెచ్చగా ఉండగానే వాడాలి. రాత్రి నుంచి ఉంచి పులిసిన గంజి పనికిరాదు. పులుపుకు పిండి అణువులు తెగి పట్టు తగ్గుతుంది, వాసన దారాన్ని వదలదు. ప్రెషర్ కుక్కర్లు వచ్చి అన్నం వార్చడం తగ్గాక చాలా ఇళ్లలో గంజి దొరకడమే కష్టమైంది. కొట్లో అమ్మే గంజి పొడులు ఆ ఖాళీలోకి వచ్చాయి.

గంజి కాచడం, పట్టించడం

మైదా నుంచి శుభ్రమైన పిండిని ఇంట్లోనే తీయవచ్చు. మైదాను చపాతీ ముద్దలా కలిపి అరగంట ఉంచాలి. తర్వాత ఆ ముద్దను గిన్నెడు నీళ్లలో పిసుకుతూ ఉంటే నీళ్లు తెల్లబడతాయి, చేతిలో రబ్బరులా సాగే ముద్ద మిగులుతుంది. అది గ్లూటెన్, లేసుకు అక్కర్లేదు. తెల్ల నీళ్లను వడకట్టి కదపకుండా వదిలేస్తే కొన్ని గంటల్లో పిండి అడుగున పేరుతుంది. పై నీళ్లు వంచేసి, మళ్లీ మంచినీళ్లు పోసి, మళ్లీ తేర్చి, నీడన ఆరబెట్టాలి. మైదాను నేరుగా కాచిన గంజిలో గ్లూటెన్ ఉండిపోతుంది. అది పసుపెక్కుతుంది, పురుగుకు ఇష్టమైన ఆహారం. పోస్టర్లు అతికించడానికి మైదా గంజి మంచిదే కానీ చేతి లేసుకు కాదు.

ఈ పిండిని ముందు చల్లటి నీటిలో ఉండలు లేకుండా కలపాలి. ఆ తర్వాతే మరిగే నీటిలో ధారగా పోస్తూ కలియబెట్టాలి. పొడి పిండిని వేడి నీటిలో వేస్తే పైపొర మాత్రమే ఉడికి, లోపల పచ్చిగా ఉండలు కడుతుంది. మెడకు, చేతి అంచులకు కుట్టే లేసుకు చెంచా పిండికి అరలీటరు నీళ్ల పలుచని గంజి చాలు. బల్లమీద పరిచే గుండ్రని అల్లికకు దానికి రెండు మూడింతల చిక్కదనం కావాలి. చిటికెడు ఉప్పు కలిపితే ఇస్త్రీపెట్టెకు అంటుకోదు. కొవ్వొత్తి ముక్కో, మైనమో కరిగిస్తే నునుపూ మెరుపూ వస్తాయి. వెలిగారం పిండి అణువులను ఒకదానితో ఒకటి ముడివేసి పొరను ఇంకా గట్టిపరుస్తుంది, బూజును కూడా ఆపుతుంది. అయితే అది కడుపులోకి పోకూడని పదార్థం. పసిపిల్లల టోపీలకు, ఉయ్యాల గుడ్డలకు వాడకూడదు. నేతగంజి పాడవకుండా పూర్వం వేసిన మైలుతుత్తం కూడా లేసుకు తగదు, అది విషం, పైగా రంగు పట్టిస్తుంది. తెల్ల లేసుకు గంజిలోనే ఒకటి రెండు చుక్కల నీలిమందు కలపడం మన ఇళ్లలో, యూరప్‌లో కూడా పాత అలవాటే. పసుపుదనం కంటికి తెలియకుండా చేస్తుంది.

లేసును ముందు తడిపి, నీళ్లు పిండేసి, అప్పుడే గంజిలో ముంచాలి. పొడి దారాన్ని ముంచితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పీలుస్తుంది. మెలిపెట్టి పిండకూడదు. రెండు తువాళ్ల మధ్య పెట్టి అరచేతితో అదిమితే కంతల్లో నిలిచిన గంజి పొరలు తువాలుకు పోతాయి, దారంలోది మిగులుతుంది.

నిజమైన నేర్పు ఆ తర్వాత మొదలవుతుంది. లేసుకు ఆకారం వచ్చేది గంజి వల్ల కాదు, ఆరేటప్పుడు దాన్ని ఎలా పట్టి ఉంచారన్న దాని వల్ల. గంజి ఆ ఆకారాన్ని పట్టుకుని ఉంచుతుంది, అంతే. మెత్తని పలక మీద తెల్ల కాగితం వేసి, దానిమీద కొలత గీతలు గీసి, పైన పారదర్శక ప్లాస్టిక్ పరచాలి. గుండ్రని అల్లికైతే ముందు మధ్యలో గుండుసూది గుచ్చి, తర్వాత ఎదురెదురుగా నాలుగు దిక్కుల్లో, ఆపైన వాటి నడుమ, చివరగా ప్రతి మొన దగ్గర గుచ్చుకుంటూ పోవాలి. ఒకవైపు నుంచి వరుసగా గుచ్చుకుంటూ వస్తే గుండ్రం కోడిగుడ్డు ఆకారంలోకి లాగేసుకుంటుంది. ఇత్తడి సూదులో స్టెయిన్‌లెస్ స్టీలు సూదులో వాడాలి. తుప్పు మరక పడితే దాన్ని తీయడానికి వాడే మందులు దారాన్నే తినేస్తాయి. ఇస్త్రీ అవసరమైతే లేసును బోర్లించి, కింద మెత్తని గుడ్డ వేసి, తడి ఇంకా ఉండగా చేయాలి. ఉబ్బెత్తు పువ్వులున్న లేసుకు ఇస్త్రీపెట్టె తగలనివ్వకపోవడమే మంచిది. పెట్టె మరీ కాలితే పిండి గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ మరక ఉతికినా పూర్తిగా పోదు.

చక్కెర పాకం

బల్లమీద పరచుకునే వస్తువుకు గంజి చాలు. గిన్నెలా, బుట్టలా, పండగ చెట్టుకు వేలాడే నక్షత్రంలా తనంతట తాను నిలబడాల్సిన అల్లికకు ఇంకా బలం కావాలి. దానికి పాశ్చాత్య దేశాల్లో చక్కెర పాకం వాడారు. 20వ శతాబ్ది నడుమ అమెరికన్ ఇళ్లలో అంచులు అలల్లా లేచే క్రోషే గుడ్డలు, ఈస్టర్ బుట్టలు ఇలాగే నిలబడేవి. కొందరు పాకంలో మొక్కజొన్న పిండి కూడా కలిపేవారు. క్రిస్మస్‌కు అల్లే మంచు రేకుల నమూనాలకు ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది.

రెండు పాళ్ల చక్కెరకు ఒక పాలు నీళ్లు. సన్నని సెగ మీద చక్కెర కరిగి తేటబడేదాకా కలిపి దించేయాలి. తీగపాకం దాకా పోనివ్వకూడదు, రంగు మారనివ్వకూడదు. గోరువెచ్చగా అయ్యాక లేసును నానబెట్టి, అదిమి, బోర్లించిన గిన్నె మీద పరిచి, మడతలు సర్ది, కదపకుండా ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. ఆరాక గాజులా గట్టిగా, తేలిగ్గా గిన్నె నుంచి విడివడుతుంది.

మన కోస్తా వాతావరణంలో ఈ పద్ధతి పెద్దగా పనికిరాదు. చక్కెర గాలిలో తేమను లాగుతుంది. వానాకాలంలో బుట్ట జిగటబారి ఒక పక్కకు వాలుతుంది. పాకం గడ్డకట్టి గింజలు తేలకుండా నిమ్మరసం పిండితే పరిస్థితి ఇంకా చెడుతుంది. పులుపుకు చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది, ఫ్రక్టోజ్ తేమను మరింత ఎక్కువగా పీలుస్తుంది. చీమల సంగతి చెప్పనక్కర్లేదు. తెలంగాణ, రాయలసీమ ఎండాకాలపు పొడి గాలిలో నాలుగు రోజుల వేడుకకు పెట్టే అలంకారానికైతే వాడవచ్చు.

బంకలు, జెలటిన్, పాలు

నల్ల లేసుకు గంజి పెడితే దారం మీద బూడిదరంగు పొర తేలుతుంది. అందుకని 19వ శతాబ్ది యూరప్‌లో నల్ల లేసుకు అకేషియా బంక నీళ్లు, చల్లారిన టీ, కాఫీ, బీరు వాడమని గృహిణుల పుస్తకాలు చెప్పేవి. అరబిక్ గమ్‌గా పేరున్న ఈ బంక ముఖ్యంగా సూడాన్ ప్రాంతపు అకేషియా చెట్ల నుంచి వచ్చేది. మన నల్లతుమ్మ బంక దానికి దగ్గరి చుట్టం. చల్లటి నీటిలోనే నెమ్మదిగా కరగడం, ఆరాక పొర కనిపించకపోవడం దీని గొప్ప. పట్టు లేసుకు గంజి కన్నా ఇదే మేలు. కాకపోతే పొర పెళుసుగా ఉంటుంది, చిక్కగా పెడితే వంచినచోట పగులుతుంది. చాలా పలుచగా వాడాలి.

జెలటిన్‌ను చల్లటి నీటిలో నానబెట్టి, వేడినీటిలో కరిగించి, పట్టు లేసుకూ క్రోషే టోపీలకూ పట్టిస్తారు. గంజిలా తెల్లచారలు పడవు, పొర కాస్త వంగుతుంది, గోరువెచ్చని నీటితో వదిలిపోతుంది. ఇంకా సన్నని పనికి చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడేవారు. కోడిగుడ్డు తెల్లసొన గురించి కూడా పాత పుస్తకాల్లో కనిపిస్తుంది కానీ దాన్ని సిఫారసు చేయడం కష్టం. వేడి తగిలితే అది గడ్డకట్టి శాశ్వతంగా అంటుకుపోతుంది, ఏళ్లు గడిచాక పసుపుబారుతుంది.

వెన్న తీసిన పాలలో లేసును ముంచితే కొద్దిపాటి బిగువు, మెత్తని మెరుపు వస్తాయి. ఎలిజబెత్ గాస్కెల్ నవల క్రాన్‌ఫర్డ్‌లో పాలలో నానబెట్టిన విలువైన లేసును పిల్లి మింగేస్తుంది. దానికి మందు పట్టి కక్కించి లేసును తిరిగి రాబట్టుకుంటారు. 1850ల తొలి ఏళ్ల ఇంగ్లిష్ పల్లెటూళ్లలో పాలతో లేసు సవరించడం ఎంత మామూలు పనో ఆ సన్నివేశం వల్ల తెలుస్తుంది. మన వేడికి పాలు దారంలో విరిగి వాసనొస్తాయి కనుక ఇక్కడ ఆ పద్ధతి తగదు.

గంజి లేనిదే పూర్తికాని లేసులు

కొన్ని లేసుల్లో గంజి చివర చేర్చే మెరుగు కాదు, తయారీలో ఒక మెట్టు. పరాగ్వేలో ఇతావువా పట్టణం పేరు చెబితే గుర్తొచ్చే న్యాందుతీ లేసును చట్రానికి బిగించిన గుడ్డ మీద దారాలు పరచి, సూదితో చక్రాలు చక్రాలుగా అల్లుతారు. అల్లిక పూర్తయ్యాక చట్రంతో సహా కడిగి, గంజి పట్టించి, ఎండలో ఆరబెడతారు. బిగుసుకున్నాకే కింది గుడ్డను కత్తిరించి తీసేస్తారు. కర్రపెండలం ఆ దేశపు ప్రధాన ఆహారాల్లో ఒకటి. గంజికి దాని పిండే వాడతారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో బిగుడెన్ ప్రాంతపు స్త్రీలు తలమీద ధరించే లేసు టోపీ 20వ శతాబ్దిలో 30 సెంటీమీటర్లు దాటి గొట్టంలా నిలువుగా పెరిగింది. సముద్రపు గాలిలో అది నిలబడాలంటే గంజి గట్టిగా పట్టాలి, ఆ పని తెలిసిన ఇస్త్రీ మనుషులు ఊరూరా ఉండేవారు.

దీనికి భిన్నంగా, దారంలోనే బిరుసు ఉన్న లేసులు కూడా ఉన్నాయి. క్రొయేషియాలోని హ్వార్ ద్వీపంలో బెనెడిక్టైన్ సన్యాసినులు కిత్తనార జాతికి చెందిన అగావే ఆకుల నుంచి తీసిన సన్నని పీచుతో లేసు చేస్తారు. క్రొయేషియా లేసు కళను 2009లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. తుర్కియేలో తలగుడ్డ అంచులకు అల్లే ఓయా లేసులో పూరేకు నిలవడానికి గుర్రపు వెంట్రుకను లోపల చేర్చి అల్లే పద్ధతి ఉంది.

గోదావరి తీరపు లేసు

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు పరిసరాల్లో 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన అల్లిక ఇప్పుడు ఆ ప్రాంతపు సొంత విద్య. అంతకు ముందే దక్షిణాన నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మహిళ లేసు నేర్పారు. నరసాపురంలో పని ఇళ్లమధ్య పంచి ఉంటుంది. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని, కాజాకుట్టు పని వేరే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ఈ స్త్రీల మీద పుస్తకం ప్రచురించారు. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లుతున్నా, ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసే పని అన్న ముద్ర వేసి వారి కూలిని తొక్కిపెడుతున్నారని ఆమె వాదించారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఒకే గుడ్డ ఎన్నో చేతులు మారడం వల్ల తెల్లదారం మాసిపోతుంది. ఉతికి, ఆకారం సవరించి, ఇస్త్రీ చేయనిదే అది కొనేవారి ముందుకు పోదు. ఆ తుది మెరుగు ఎక్కువగా వ్యాపారుల దగ్గర జరుగుతుంది. ధర పెరిగేది కూడా అక్కడే. పిండీ గుండుసూదులూ పలకా తప్ప పెద్ద పెట్టుబడి అక్కర్లేని ఈ పనిని అల్లేవారి సంఘాలే చేపడితే, ఆ పెరిగిన ధరలో కొంతైనా అల్లిన చేతికి చేరుతుంది. గుర్తింపు పత్రం వచ్చిన ఈ సమయంలో శిక్షణ తరగతుల్లో అల్లికతోపాటు గంజి పని కూడా నేర్పాలి.

దాచే ముందు

గంజి వాడుకకు మంచిది, దాపుకు చెడ్డది. మ్యూజియాల్లో పాత బట్టలను కాపాడేవారు లేసును గంజితో దాచరు. సిల్వర్‌ఫిష్ పురుగులు, బొద్దింకలు పిండి కోసం వచ్చి దారాన్ని కూడా కొరికేస్తాయి. తేమ తగిలితే బూజు పడుతుంది. గంజి ఎక్కిన లేసును మడిచి ఏళ్ల తరబడి ఉంచితే మడత దగ్గర పొరతోపాటు పీచు కూడా విరుగుతుంది. తెల్ల జిగురు, ప్లాస్టిక్ ద్రావణాలు పూసిన లేసుకు ఇంకో కష్టం ఉంది. పురుగు పట్టకపోవచ్చు కానీ అవి నీటితో సరిగా వదలవు, కాలం గడిచేకొద్దీ పసుపెక్కి దారాన్ని పట్టేస్తాయి. పండగకు చేసే చవక అలంకారానికి సరే, అమ్మమ్మ అల్లిన లేసుకు మాత్రం వాటిని తాకనివ్వకూడదు.

మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున గంజితో అట్టలా బిగిసిన పాత లేసు ఏదైనా ఉంటే దాన్ని విప్పదీయడానికి లాగకండి. దారం రంగు వదలదని ముందు ఒక మూల తడిపి చూసుకోండి. తర్వాత లేసును పలుచని గుడ్డలో పరిచి, గోరువెచ్చని మంచినీటిలో నానబెట్టండి. నీళ్లు జిగటగా మారినప్పుడల్లా మార్చండి. రుద్దకండి, పిండకండి. నీళ్లు తేటగా నిలిచాక కిందనుంచి గుడ్డతో సహా ఎత్తి, తువాలు మీద పరిచి, నీడన ఆరనివ్వండి. మడవకుండా, తెల్లని ఆమ్లరహిత కాగితం చుట్టిన గొట్టానికి చుట్టి దాచండి. మళ్లీ పరచాల్సిన రోజు వచ్చినప్పుడు కొత్త గంజి కాచుకోవచ్చు.